క్లచ్ మాస్టారి కొండనాలుక

క్లచ్ మాస్టారికి అసలు పేరు ఒకటుంది. అది లైసెన్సు మీదా, కరెంటు బిల్లు మీదా తప్ప ఎక్కడా వాడుకలో లేదు. ఇరవై ఆరేళ్ళుగా మనుషులకి కారు నేర్పుతున్నాడు. పక్క సీట్లో కూర్చుని, కాళ్ళ కింద తనకంటూ ఒక బ్రేకూ ఒక క్లచ్చూ పెట్టుకుని, "క్లచ్! ముందు క్లచ్చమ్మా, క్లచ్!" అని అరవడమే ఉద్యోగం. ఆ అరుపుకి నేర్చుకునేవాళ్ళే కాదు, పక్కనుంచి వెళ్ళే బస్సు డ్రైవర్లు కూడా ఉలిక్కిపడి గేరు మార్చిన సందర్భాలున్నాయి. "నా గొంతే నాకు రెండో బ్రేకు" అని మాస్టారు గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ గొంతు చేసే రెండో ఉద్యోగం గురక.

అలాంటిలాంటి గురక కాదు. పడుకున్న ఐదు నిమిషాలకి, నిండా సరుకున్న లారీ ఒకటి కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. మొదటి గేరులో మూలుగుతుంది, రెండో గేరులో వణుకుతుంది, సరిగ్గా కొండ కొసకి చేరేసరికి ఇంజను ఆగిపోతుంది. చీమ చిటుక్కుమనదు. వినేవాళ్ళు 'అయ్యో, పోయాడా ఏంటి' అని కంగారుపడి లేచి కూర్చుంటారు. అప్పుడు "ఖ్ఖర్ర్" మని మళ్ళీ స్టార్టు. పెళ్ళయిన రెండో ఏడే భార్య మంచం హాల్లోకి మారిపోయింది. ఆవిడ పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. పొద్దున్న ఆరింటికి డ్యూటీ ఎక్కాలి. నిద్ర లేకపోతే ఒకరి పార్సిలు ఇంకొకరికి పోతుంది. అందుకని చెవుల్లో దూది, మధ్యలో తలుపు, ఇరవై ఒక్క ఏళ్ళ కాపురం.

కూతురు పెళ్ళయి వెళ్ళిపోయాక ఇంట్లో ముగ్గురే మిగిలారు. మూడో మనిషి అత్తగారు, అంటే భార్య తల్లి. ఎనభై ఏళ్ళు. చెవికి మిషను పెట్టుకుంటే వినిపిస్తుంది, తీసేస్తే లేదు. "ఈ ఇంట్లో అదృష్టవంతురాలు మా అమ్మొక్కతే" అని భార్య వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

గురక గురించి మాస్టారు ఎప్పుడూ సిగ్గుపడలేదు. నిద్రపోయినవాడికి తన గురక వినపడదు కాబట్టి, అదంతా పడనివాళ్ళు పుట్టించిన మాటలని అతని లోపలి నమ్మకం. ఆ నమ్మకం ఒక మధ్యాహ్నం మెకానిక్ షెడ్డులో పగిలింది.

అప్పట్లో అతని దగ్గర పెద్ద టీచరమ్మ కారు నేర్చుకుంటోంది. అరవై మూడేళ్ళావిడ. బడిలో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైంది. ఎదుటివాళ్ళు తడబడితే ఓపిగ్గా చూస్తుంది, తను తడబడితే మాత్రం ఒప్పుకోదు. ఆ రోజు భోజనం వేళ దాటాక, ఎండలో, వంపుల్లేని పొడుగాటి రోడ్డు మీద ఆవిడ మూడో గేరులో నెమ్మదిగా పోతోంది. మాస్టారు కిందటి రాత్రి సరిగా నిద్రపోలేదు. అసలతను ఏ రాత్రీ సరిగా నిద్రపోడనీ, గురక ఉన్నవాళ్ళ సంగతి అంతేననీ డాక్టరు తర్వాత చెప్పాడు. చల్లటి ఏసీ గాలి, కుదుపుల్లేని రోడ్డు. మాస్టారి తల వెనక్కి వాలింది.

టీచరమ్మకి ఉన్నట్టుండి ఇంజనులోంచి మోత వినిపించింది. ఇంజను మూలిగితే గేరు తగ్గించమని మాస్టారే నేర్పాడు. మూడులోంచి రెండుకి వచ్చింది. మోత పెరిగింది. రెండులోంచి ఒకటికి వచ్చింది. ఇంకా పెరిగింది. అడుగుదామంటే ఆయన అరుస్తాడేమోనని భయం. కళ్ళు రోడ్డు మీంచి తిప్పకూడదని కూడా ఆయనే చెప్పాడు. అలా మూడు కిలోమీటర్లు నడిపి, కనిపించిన మెకానిక్ షెడ్డులోకి కారు తిప్పింది.

మెకానిక్ బానెట్ ఎత్తి చెవి పెట్టి విన్నాడు. "ఇంజను ఆపండమ్మా" అన్నాడు. ఆవిడ ఆపింది. మోత ఆగలేదు.

"ఆపానండీ."

"ఆపారా? మరి ఇదేంటి?"

ఇద్దరూ కలిసి పక్క సీటు వైపు చూశారు.

మెకానిక్ షెడ్డులో ఉన్న ఐదుగుర్నీ పిలిచి చూపించాడు. ఒకడు వీడియో తీశాడు. లైసెన్సు ఆఫీసు దగ్గర ఆ వీడియో చూడని బంట్రోతు లేడు. అది కూడా మాస్టారు దులిపేసుకునేవాడే. కానీ టీచరమ్మ అన్న ఒక్క మాట మాత్రం ముల్లులా దిగింది. "మాస్టారూ, మూడు కిలోమీటర్లు ఆ కారులో నేనొక్కదాన్నే ఉన్నాను. ఆ సంగతి నాకు తెలీనే తెలీదు." ఆవిడ కోపంగా అనలేదు. హాజరు పట్టీ చదివినట్టు అంది. ఆ సాయంత్రం మాస్టారు ఇంటికొచ్చి, ఎవరూ అడక్కుండానే, "గొంతు డాక్టరు దగ్గరికి వెళ్దాం" అన్నాడు. భార్య చేతిలో గరిటె జారి గిన్నెలో పడింది.

డాక్టరు నోట్లో లైటు వేసి చూసి, లోపల పాత బంగళా ఏదో కనిపించినట్టు "ఓహో" అన్నాడు. ఇంకా పరీక్షలేవో చేయించి, చివరికి తేల్చాడు. "కొండనాలుక సాగిపోయిందండీ. కాస్త కత్తిరించి, వెనకున్న మెత్తటి కండ బిగిస్తాం. చిన్న పనే. సాయంత్రానికి ఇంటికెళ్ళిపోవచ్చు."

"మరి నా గొంతు?"

"గొంతు జోలికి వెళ్ళం. కానీ పది రోజులు మాట్లాడకూడదు. నెల రోజులు అరవకూడదు."

భార్య కుర్చీలో ముందుకి జరిగింది. "డాక్టరుగారూ, ఆ పది రోజుల్ని ఇరవై చేయడానికేమైనా వీలుందా?"

ఆపరేషన్ ఇబ్బంది లేకుండా అయిపోయింది. ఇబ్బందంతా ఇంటికొచ్చాక. మత్తు దిగిన మర్నాడు మాస్టారు మొదటి గుటక మింగాడు. పగిలిన గాజుసీసాని పొడవునా మింగినట్టుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అమ్మా అని అరుద్దామంటే అదీ కూడదు. మింగడం మానేద్దామంటే నోట్లో లాలాజలం మునుపెన్నడూ లేనంతగా ఊరుతోంది. మనిషి రోజుకి ఎన్నిసార్లు గుటక వేస్తాడో మాస్టారికి యాభై నాలుగేళ్ళకి లెక్క తెలిసింది.

తిండి అంటే చల్లారిన జావ, చల్లటి పాలు, ఉప్పు కూడా సరిగా లేని బంగాళాదుంప ముద్ద. ఐస్‌క్రీమ్ ఎంతైనా తినొచ్చన్నాడు డాక్టరు. మొదటి రోజు మాస్టారు చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. మూడో రోజుకి ఐస్‌క్రీమ్ డబ్బా చూస్తే మొహం గోడకి తిప్పుకున్నాడు. పక్కింటి వంటింట్లోంచి తాలింపు వాసన వస్తే వాళ్ళని శపించాడు, అదీ మనసులోనే.

మాట్లాడటానికి కూతురి చిన్నప్పటి పలక అటక మీంచి దిగింది. పొద్దున్న భార్య డ్యూటీకి వెళ్ళాక ఇంట్లో మాస్టారూ అత్తగారూ మిగులుతారు. ఒకరు మాట్లాడకూడదు, ఇంకొకరికి వినపడదు. ఒకసారి మాస్టారు పలక మీద 'నీళ్ళు' అని రాసి చూపించాడు. అత్తగారు పలకని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, "కళ్ళజోడు లేదు బాబూ" అంది. గ్లాసు బొమ్మ గీశాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చెత్తబుట్ట తెచ్చి మంచం పక్కన పెట్టింది. "ఉమ్మేయండి, సిగ్గుపడకండి" అంది ఆప్యాయంగా. మాస్టారు తనే లేచి వెళ్ళి నీళ్ళు తెచ్చుకున్నాడు.

పరామర్శకి వచ్చినవాళ్ళు ఇంకో బాధ. కొండనాలుకకి ఆపరేషన్ అనగానే ప్రతివాడికీ ఒకే సామెత గుర్తొస్తుంది. తనకొక్కడికే తట్టినట్టు ముసిముసిగా నవ్వుతూ గొంతు సవరించుకుంటాడు. నాలుగో మనిషి దగ్గర్నుంచి మాస్టారు పలక మీద 'ఆ సామెత నాకూ తెలుసు' అని ముందే రాసి, ఒళ్ళో నిలబెట్టుకుని కూర్చున్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం రెండున్నరకి మాస్టారి జీవితం మలుపు తిరిగింది.

భార్య రెండింటికి డ్యూటీ నుంచి వచ్చింది. జావ ఇచ్చి, మందులు ఇచ్చి, రెండు ముద్దలు తిని హాల్లో సోఫా మీద వాలింది. ఇన్నేళ్ళుగా ఇది ఆవిడ దినచర్య. కాకపోతే ఆ వేళప్పుడు మాస్టారు ఎప్పుడూ ఇంట్లో ఉండడు. పక్క సీట్లో క్లచ్ అని అరుస్తూ ఉంటాడు. సెలవు రోజున ఇంట్లో ఉన్నా ఆవిడకంటే ముందు తనే నిద్రపోతాడు. ఇప్పుడు గొంతు నొప్పికి నిద్ర పట్టక, దిండ్లు మూడు పేర్చుకుని గదిలో కూర్చున్నాడు.

హాల్లోంచి ఏదో చప్పుడు మొదలైంది. మిక్సీలో చెంచా మర్చిపోయి తిప్పినట్టుంది. వెంటనే ఒక సన్నటి ఈల. మళ్ళీ చెంచా. మళ్ళీ ఈల. మాస్టారు మెల్లగా మంచం దిగి, తలుపు దాకా వెళ్ళి తొంగి చూశాడు.

భార్య వెల్లకిలా పడుకుని ఉంది. కళ్ళ మీద పేపరు. కింద నోరు తెరుచుకుని ఉంది. చప్పుడుకి తగ్గట్టు పేపరు లేస్తోంది, పడుతోంది.

మాస్టారికి మొదట అర్థం కాలేదు. తర్వాత ఒళ్ళంతా పులకరించింది. ఇరవై మూడేళ్ళు! ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎంతమంది ముందు ఈవిడ తన గురకని వర్ణించింది! ఎన్ని రైలు ప్రయాణాల్లో పెట్టెలో ఉన్నవాళ్ళందరికీ ముందుగానే క్షమాపణలు చెప్పింది! వాళ్ళన్నయ్యైతే ఎక్కడ కలిసినా ముందు నమస్కారం, తర్వాత గురక అనుకరణ. తన లారీ మోతలో ఈ మిక్సీ ఇన్నేళ్ళూ దర్జాగా దాక్కుంది. గట్టిగా కేక వేయబోయాడు. గొంతులో గాజుసీసా కదిలింది. నోరు మూసుకుని, ఫోను తెచ్చి, కాలి వేళ్ళ మీద నడుస్తూ సోఫా దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని రికార్డు చేశాడు. నాలుగు నిమిషాలు. ఆపరేషన్ తర్వాత అతను నవ్వడం అదే మొదలు.

ఆవిడ లేచాక పలక చూపించాడు. 'నువ్వు గురక పెడతావు.'

ఆవిడ చదివి, కొంగు అంచుతో 'నువ్వు' తుడిచేసి 'నేను' అని దిద్దింది. 'పెడతావు' పక్కన ఇంటూ కొట్టింది. "తప్పులు రాస్తున్నారు. మాత్ర మత్తేమో, పడుకోండి" అంది.

అప్పుడే ఫోను వినిపిస్తే సరిపోయేది. కానీ మాస్టారికి దురాశ పుట్టింది. రెండు రోజుల్లో ఆదివారం. బావగారు, అంటే భార్య అన్నయ్య, చూడటానికి వస్తున్నాడు. వినేవాళ్ళు నిండుగా ఉన్నప్పుడు విప్పుదామని దాచాడు.

ఆదివారం బావగారు వచ్చాడు. గుమ్మంలోనే నమస్కారం, వెంటనే అనుకరణ. "ఇంక ఇది మన జ్ఞాపకాల్లోనే బావా!" అని వీపు చరిచాడు. అరగంటకి పెద్ద టీచరమ్మ కూడా పండ్ల సంచీతో వచ్చింది. డ్రైవింగు పరీక్ష తేదీ వచ్చిందట, ఆ మాట చెప్పిపోదామని. అత్తగారు చెవికి మిషను లేకుండా మూల కుర్చీలో కూర్చుంది. భార్య కాఫీలు తెచ్చింది. మాస్టారికి మాత్రం చల్లటి పాలు.

అందరి చేతుల్లోకీ కప్పులు వచ్చాక మాస్టారు ఫోను బల్ల మీద పెట్టి, సౌండు ఆఖరికంటా పెంచి, మీట నొక్కాడు.

మిక్సీ. ఈల. మిక్సీ. ఈల.

బావగారు కాఫీ ఒలికేలా నవ్వాడు. "అబ్బబ్బ! ఆపరేషన్‌కి ముందు తీసి పెట్టుకున్నావా బావా? ఎంత ఘోరంగా ఉందో విన్నావా ఇప్పటికైనా?"

మాస్టారు కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. వేలితో భార్య వైపు చూపించాడు.

"ఆఁ, పాపం, మా చెల్లెలే భరించింది ఇన్నేళ్ళూ. నేనూ అదే అంటున్నా."

మాస్టారు ఇంకా గట్టిగా తల ఊపాడు. పలక కోసం చూశాడు. పలక గదిలో ఉండిపోయింది. నోరు తెరిచాడు. భార్య వేలు చూపించి, "మాట్లాడారంటే కుట్లు ఊడతాయి" అని గద్దించింది.

అప్పుడు టీచరమ్మ కప్పు కింద పెట్టింది. "ఒక్క నిమిషం. ఇది మాస్టారిది కాదు."

"ఆయనదేనండీ. ఎక్కడ విన్నా గుర్తుపడతాను, ఇరవై మూడేళ్ళుగా వింటున్నాను" అన్నాడు బావగారు.

"నేను మూడు కిలోమీటర్లు పక్కనే కూర్చుని విన్నాను. అది బొంగురుగా, బరువుగా ఉంటుంది. మధ్యలో ఆగుతుంది. దీనికి ఆగడం లేదు. చివర్న ఈల ఒకటి ఉంది. మాస్టారి దాంట్లో ఈల లేదు."

"ఈల ఉంటుందండీ!"

"లేదండీ. పిల్లల దస్తూరీలు ముప్పై ఆరేళ్ళు దిద్దాను. ఒకరిది ఇంకొకరు రాస్తే నాకు తెలుస్తుంది."

ఇద్దరు పండితులూ అలా వాదించుకుంటూ ఉండగా, ఫోనులో గురక ఆగింది. పెదాలు చప్పరించిన చప్పుడు. తర్వాత నిద్రమత్తులో, కానీ స్పష్టంగా, కౌంటరు వెనకాల నుంచి వచ్చే గొంతు: "తర్వాతి వాళ్ళు రండి... జిగురు అక్కడే ఉందండీ." వెంటనే మళ్ళీ మిక్సీ.

బావగారు చెల్లెల్ని చూశాడు. చెల్లెలు ఫోనుని చూసింది. మాస్టారు మాత్రం పాలగ్లాసు ఎత్తి, గుటక నొప్పిని కూడా లెక్కచేయకుండా తాగాడు.

"ఏంటి, అందరూ ఊరుకున్నారు?" అంది మూలనుంచి అత్తగారు. బావగారు వెళ్ళి తల్లి చెవికి మిషను తగిలించాడు. ఆవిడ రెండు క్షణాలు విని, "ఓ, అమ్మాయి పడుకుందా?" అంది.

భార్య తెల్లబోయింది. "అమ్మా, నీకు తెలుసా?"

"తెలీకపోవడమేమిటే? చిన్నప్పుడు నీ గదిలో ఎవరూ పడుకునేవాళ్ళు కాదు. వీడు మేడ మీదకి పారిపోయేవాడు. మధ్యాహ్నం నేను మిషను తీసేసేది ఎందుకనుకున్నావు?"

"మరి చెప్పలేదేం?"

"అడిగితే చెప్పేదాన్ని. ఎవరడిగారు?"

బావగారికి ఏదో గుర్తొచ్చినట్టు మొహం మారింది. మేడ మీద చలికి ముడుచుకుని పడుకున్న రోజులేమో. టీచరమ్మ లోకజ్ఞానం ఉన్న మనిషి. "పరీక్ష బుధవారం, నేను వస్తాను" అని లేచి వెళ్ళిపోయింది. భార్య ఖాళీ కప్పులన్నీ ఏరుకుని వంటింట్లోకి పోయింది. అందులో ఇంకా తాగని బావగారి రెండో కాఫీ కూడా ఉంది.

మాస్టారు ఎదురుచూసిన విజయం వచ్చేసింది. కానీ ఆ సాయంత్రం నుంచి ఆవిడ మాట్లాడటం మానేసింది. ఇంట్లో పలక ఒకటే. ఇద్దరూ దాని మీదే రాసుకున్నారు. 'జావ బల్ల మీద ఉంది.' కింద 'సరే.' 'మాత్ర వేసుకున్నారా.' 'వేసుకున్నాను.' 'మీ ఆనందం అయిపోతే ఫోను ఛార్జింగు పెట్టండి, అది కూడా అలిసిపోయి ఉంటుంది.' ఆ చివరి వాక్యం చదివి మాస్టారికి నవ్వొచ్చింది గానీ, వంటింటి వైపు చూస్తే నవ్వు నిలవలేదు. ఆవిడ మధ్యాహ్నం పడుకోవడం మానేసింది. రెండింటికి వచ్చి, కుర్చీలో నిటారుగా కూర్చుని, కళ్ళు ఎర్రగా చేసుకుని, చదివిన పేపరే మళ్ళీ చదువుతోంది. మంగళవారం కునికిపాటు వచ్చి తల బల్లకి కొట్టుకుంది. నుదుటి మీద బొప్పి కట్టింది. మాస్టారు ఐస్‌క్రీమ్ డబ్బా తెచ్చి నుదుటికి ఆనించాడు. ఆవిడ డబ్బా తోసేయలేదు.

"ఆఫీసులో టిఫిను తర్వాత ఆడవాళ్ళం కాసేపు నడుం వాలుస్తాం" అంది, అతన్ని కాకుండా డబ్బాని చూస్తూ. "అందరూ పెద్ద గదిలో పడుకుంటారు. నాకు మాత్రం రికార్డులుండే చిన్న గది విడిగా ఇచ్చారు. ఫ్యాను కూడా పెట్టించారు. పదకొండేళ్ళయింది. సీనియర్ని కదా, గౌరవంతో వదిలారనుకున్నాను."

మాస్టారు పెదాలు బిగబట్టాడు. భుజాలు కదిలాయి.

"కొత్తగా చేరిన పిల్లకి చెప్పాను కూడా, ఇంత సర్వీసు చేస్తే నీకూ ఇలాంటి గది ఇస్తారని."

ఇంక మాస్టారి వల్ల కాలేదు. నవ్వు తన్నుకొచ్చింది. దానితో పాటు గొంతులో కత్తులూ దిగాయి. రెండు చేతులతో మెడ పట్టుకుని, కళ్ళ నీళ్ళతో, చప్పుడు రాకుండా ఊగిపోయాడు. అతని అవస్థ చూసి ఆవిడకి ముందు కంగారు, తర్వాత నవ్వు వచ్చాయి. నుదుటి మీద ఐస్‌క్రీమ్ డబ్బాతో, బల్ల పట్టుకుని నవ్వింది. "ఆ గదికి బయట గడియ కూడా ఉందండీ" అని చెప్పి ఇంకా నవ్వింది. నవ్వు తగ్గాక మాస్టారు ఫోను తీసి, ఆవిడ చూస్తుండగా రికార్డింగు చెరిపేశాడు. అప్పటికే అది కూతురికి పంపేశాడన్న సంగతి మాత్రం చెప్పలేదు. ఎలాగూ నోరు లేదు కదా.

బుధవారం పొద్దున్న టీచరమ్మ కారు దగ్గర నిలబడి ఉంది. మాట్లాడకూడదన్నారు గానీ కూర్చోకూడదనలేదు. మాస్టారు పక్క సీట్లో ఎక్కాడు. పరీక్షకి ముందు గంటసేపు తిప్పించాడు. వంపు దగ్గర అరవబోయి ఆగాడు. ఆవిడ తనంతట తనే క్లచ్ నొక్కింది. చౌరస్తా దగ్గర అరవబోయి ఆగాడు. అక్కడా నొక్కింది. "ఇవాళ హాయిగా ఉంది మాస్టారూ, ఆలోచించుకోవడానికి వీలుంది" అంది ఆవిడ. మాస్టారికి ఆ మాట బొత్తిగా నచ్చలేదు. పరీక్షలో ఆవిడ ఒక్క తప్పూ చేయలేదు. అది ఆపరేషన్ ఫలితమని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకూడదని గట్టిగా నిశ్చయించుకున్నాడు.

పన్నెండో రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళారు. మాటకి అనుమతి అప్పటికే వచ్చింది. గొంతు కొంచెం గాలి కలిసినట్టు, మెత్తగా వస్తోంది. డాక్టరు నోట్లో లైటు వేసి, "బాగా మానింది. వాపుండగా గురక ఇంకాస్త పెరిగి ఉంటుంది, ఇకనుంచి తగ్గుతుంది" అన్నాడు. ఇక లేవబోతుంటే భార్య సంచీ జిప్పు తీసి, వేసి, మళ్ళీ తీసి, గోడ మీది చెవి బొమ్మని చూస్తూ, "ఆడవాళ్ళకి కూడా... ఈ ఆపరేషన్ చేస్తారాండీ?" అంది.

"చేస్తాం. ఎవరికి?"

ఆవిడ మెడ దాకా ఎర్రబడింది. మాస్టారు ఒక్క క్షణం ఆవిడ వైపు చూశాడు. ఎంత చక్కటి అవకాశం! డాక్టరు, నర్సు, తలుపు దగ్గర తర్వాతి రోగి, అందరూ వింటున్నారు.

"మా అత్తగారికండి" అన్నాడు.

"వయసెంత?"

"ఎనభై."

"ఎనభై ఏళ్ళకి ఆపరేషన్లేంటండీ. పక్కకి తిరిగి పడుకోమనండి. బరువుంటే కాస్త తగ్గమనండి."

"ఏదీ వినదండీ ఆవిడ" అన్నాడు మాస్టారు. భార్య బల్ల కింద కాలు తొక్కింది.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు ఆవిడకిచ్చాడు. మూడో స్టాపు దాటకముందే ఆవిడ తల వెనక్కి వాలింది. నాలుగో స్టాపుకి మిక్సీ మొదలైంది. ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగారు. పక్క సీటు పెద్దమనిషి పేపరు దించాడు. అందరూ మాస్టారి వైపే చూశారు. గురక వినిపించి, ఆ సీట్లో మగాడు ఒకడు కనిపిస్తే జనానికి ఇంక విచారణ అక్కర్లేదు. మాస్టారు కాదని చెప్పొచ్చు. మాట్లాడే అనుమతి కూడా ఉంది. కానీ కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి కూర్చున్నాడు. "పాపం, పక్కన ఆవిడ ఎలా భరిస్తోందో" అని వెనక సీట్లో ఎవరో అన్నారు. మాస్టారు దాన్ని కూడా మింగాడు. గుటక ఇప్పుడు అంత నొప్పిగా లేదు.

ఆ త్యాగాన్ని రహస్యంగా ఉంచుకుందామని బస్సు దిగేటప్పుడు అనుకున్నాడు. మూడు రోజులు ఉంచుకున్నాడు. నాలుగో రోజు బాత్రూములో కుళాయి సరిగా కట్టలేదని ఆవిడ పొద్దున్నే కేకలేస్తే, "నీ కోసం బస్సులో నోరు తెరుచుకుని కూర్చున్నానే! యాభై మంది ముందు!" అని ఆ కొత్త మెత్తటి గొంతుతోనే మొత్తం కక్కేశాడు. ఆవిడ పళ్ళు తోముకుంటున్నదల్లా బ్రష్షు నోట్లోంచి తీసి చూసింది.

"నిజంగానా?"

"మరి!"

"ఎన్ని స్టాపులు?"

"తొమ్మిది."

ఆవిడ నోరు పుక్కిలించి, తువ్వాలుతో తుడుచుకుని, కుళాయి తనే కట్టేసి బయటికి నడిచింది. ఆ ఆదివారం మంచం హాల్లోంచి గదిలోకి మార్చాలంది. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఒకే చోట ఉన్న మంచం అది. కోళ్ళు గచ్చుకి అతుక్కుపోయి ఉన్నాయి. బావగారిని పిలిచారు. ముగ్గురూ పట్టి లాగితే గుమ్మం దగ్గర ఇరుక్కుంది. "ఎడమకి, ఎడమకి! ఎత్తు, ఇప్పుడు వంచు!" అని మాస్టారు చేతులు ఊపుతూ, డాక్టరు మాట మీద గౌరవంతో, గుసగుసగా అరిచాడు.